నా తల పట్టిన చిల్లు

నా ఎడమ చెవి వెనక ఓ మచ్చ ఉంది. కొత్త మంగలి చేతిలో తల పెట్టినప్పుడల్లా "ఇదేటి బాబూ, ఎక్కడిదీ గాటు?" అని అడుగుతాడు. "ఫుట్‌బాల్‌లో తగిలింది" అని గంభీరంగా చెబుతాను. అతను నన్ను పెద్ద ఆటగాణ్ణనుకుని ఇంకాస్త మర్యాదగా గొరుగుతాడు. నిజానికి నేను జన్మలో ఒక్కసారి కూడా బంతిని తన్నలేదు. ఆడేవాళ్ళ చుట్టూ నిలబడి అరిచాను, అంతే. కానీ ఆ అరుపుతోనే ఒక్క సాయంత్రం ఆటలో ఓ చేపల వలను ముక్కలు చేయించి, మా బావ బతుకుని విరగ్గొట్టి, నా తలకాయను రెండు వెదురుబొంగుల మధ్య వేలాడదీసుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వడానికి వీలున్నచోట నవ్వండి. వీల్లేని చోటు కూడా వస్తుంది. అక్కడ నన్ను తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

అరవైల చివర మాట. నరసన్నపేటలో మా అయ్యకు తాళ్ళ దుకాణం ఉండేది. గోగునార తాళ్ళు, పశువుల పలుపులు, బళ్ళకు కట్టే మోకులు. నాకు ఇరవై ఒక్కేళ్ళు. పగలు దుకాణంలో ముడులు వెయ్యడం, ఆట ఉన్న రోజు మా పేట జట్టు తరఫున గొంతు చించుకోవడం, ఇవే నా రెండు విద్యలు. మా జట్టుకి కెప్టెన్ ఎవరో ఊళ్ళో సగంమందికి తెలీదు. అరిచేవాళ్ళకు నాయకుణ్ణి నేనని మాత్రం కుక్కలకు కూడా తెలుసు. నా చేతిలో ఓ కిరసనాయిలు డబ్బా, ఓ కర్ర, జేబులో గుండ్రటి అద్దం. డబ్బా వాయించడానికి. అద్దం దేనికంటారా? అవతలి జట్టు గోలీ, అంటే గోలు కాసేవాడి, కళ్ళలోకి ఎండ కొట్టడానికి. "అరసవల్లి సామి మన పక్షమే రా!" అని చెప్పి మరీ కొట్టేవాణ్ణి. ఆ స్వామికి ఈ ముక్క తెలిసుంటే నా కళ్ళు అప్పుడే పీకేసేవాడు.

మా జట్టు గోలీ మా బావ. అంటే మా అక్క మొగుడు, తవిటినాయుడు. రెండేళ్ళు వరసగా వానల్లేక మెట్టచేలు ఎండిపోతే అక్కను తీసుకుని పేట వచ్చేసి రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. బండి మీంచి ధాన్యం బస్తా విసిరితే గుండెలతో పట్టే మనిషి. ఆయనకి బంతి ఓ లెక్కా? పెద్దగా మాట్లాడేవాడు కాదు. మా అక్కకి అప్పుడు ఆరో నెల.

ఇక మా శత్రువులు ఆమదాలవలస వాళ్ళు. ఎందుకు శత్రువులయ్యారో ఎవరికీ గుర్తులేదు, అయినా కోపం మాత్రం ఏడాదికేడాదీ పెరిగేది. అంతకు ముందు ఏడు మా సంతబయల్లో ఆట పెడితే, బంతి గోలు లోపల్నించి వెళ్ళిందా పక్కనించి వెళ్ళిందా అని తగువొచ్చింది. గోలంటే రెండు బొంగులు నిలువుగా, ఒకటి అడ్డంగా. వెనక వల ఉండేది కాదు. ఆ తగువులో నాలుగు గొడుగులు విరిగాయి, ఒకాయన పన్ను పోయింది, శ్రీకాకుళం నుంచి వచ్చిన రిఫరీ నరసింగరావు మాస్టారి వీపు మీద మట్టిగడ్డ పడింది. అది చాలనట్టు మా వాళ్ళు, అవతలివాళ్ళు వచ్చిన లారీకి నాలుగు చక్రాల గాలీ తీసేశారు. ఆ నాలుగింట్లో రెండు నా చేతి చలవే. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ కూడా నడిచి వెళ్ళారట. అప్పుడు పడీపడీ నవ్వాను.

ఈ ఏడు ఆట మళ్ళీ పెడతామంటే మాస్టారు ఒకటే మాటన్నారు. "రెండు గోలుపోస్టులకీ వలలు కట్టండి. బంతి వల్లో పడితే గోలు, పడకపోతే కాదు. వల లేకపోతే నా విజిల్ నా జేబులోంచి బయటకు రాదు."

వల కట్టాలంటే తాడు కావాలి, తాడంటే మా దుకాణం. "అంతా నాకొదిలీండి" అన్నాను. అందరూ సంతోషంగా వదిలేశారు. వాళ్ళ బుద్ధి తక్కువ కూడా కాస్త ఉంది చూడండి ఇందులో.

సముద్రం ఒడ్డున నూకన్న అనే పెద్దాయన మా దుకాణంలో తాళ్ళు కొనేవాడు. సైకిలేసుకుని ఆయన దగ్గరికెళ్ళాను. రెండు పాత వలలు తీసి ఇసుక మీద పరిచాడు.

"సిన్నది బాగానే ఉన్నాది బాబూ. ఈ పెద్దదానికి ఇక్కడ సూడు, తాబేలు సింపీసినాది. రెండు మూరల దారమేసి అల్లీసుకో."

చూశాను. చిల్లు సరిగ్గా తలకాయ పట్టేంత ఉంది.

"ఇంకో మాట. నా వలని ఎవుడూ తొక్కకూడదు. సెప్పులేసుకుని దాటకూడదు. మాకది తల్లి."

"నీ వల మీద ఈగ వాలనివ్వను నూకన్నా."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "నానూ వస్తాన్లే. నా వల కాడ నాను కూకుంటాను" అన్నాడు. నన్ను నమ్మని మొదటి తెలివైనవాడు ఆయనే.

ఆట రోజు పొద్దున్న వలలు కట్టడానికి కూర్చున్నాను. చేతిలో దారముంది. చిల్లు అల్లడానికి పావుగంట చాలు. సరిగ్గా అప్పుడు నా బుర్రలో ఓ మెరుపు మెరిసింది. ఆ చిల్లున్న వల మా గోలుకి కడితే? వాళ్ళు కొట్టిన బంతి చిల్లులోంచి అవతలికి పోతే? "బంతి వల్లో లేదు, బయటకెళ్ళిపోయింది" అని ఒట్టేసి అరవొచ్చు! మాస్టారి రూలు మాస్టారికే అప్పజెప్పొచ్చు! నా తెలివికి నేనే మురిసిపోయి, దారం జేబులో పెట్టుకుని, చిల్లు వలను పడమటి గోలుకి కట్టాను. మా ఊళ్ళో ఆటయితే మా జట్టు ఎప్పుడూ ముందు పడమటి గోలే తీసుకునేది, ఎండ మా గోలీ వీపున ఉంటుందని.

మీలో ఆట తెలిసినవాళ్ళు ఇప్పటికే నోరు నొక్కుకుని ఉంటారు. ఆగండి, నన్ను కూడా అక్కడికి రానివ్వండి.

నేను ముడులు బిగిస్తుంటే నూకన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. "ఇదేటి ముడి బాబూ?"

"మా అయ్య నేర్పిన మోకుముడి. లాగిన కొద్దీ బిగుస్తాది."

"మరి ఇప్పీదెలగ?"

"ఇప్పడానికి కట్టం కదేటి!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "సముద్రం మీద మా ముడులన్నీ ఒక్క లాగుతో ఇప్పీలాగుంటాయి. ఇప్పలేని ముడి పేనం తీస్తాది."

"ఇది సంతబయలు నూకన్నా, సముద్రం కాదు" అని నవ్వాను.

సాయంత్రానికి అది సముద్రంలాగే ఉంది. రెండు ఊళ్ళ జనం, సున్నం గీత మీదే కాళ్ళు పెట్టి కూర్చున్నారు. వాల్తేరు నుంచి ఓ కంపెనీ ఆయన కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ జట్టుకి మంచి గోలీ కావాలట. ఎంపికైతే కంపెనీలో ఉద్యోగం. ఆయన వచ్చింది మా బావ కోసమే. ఈ సంగతి తెలిసి మా అక్క పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, నేను వలలు కట్టి ఇంటికొచ్చాక నాతో ఒక్కటే మాటంది. "ఒరే సూరీ, ఈ ఒక్క రోజూ నువ్వు అల్లరి సెయ్యకురా. మీ బావకి బస్తాలు తప్పీ రోజు ఇదే."

"నానేటి సేస్తానే!" అన్నాను. నిజంగానే నేనేమీ చెయ్యననుకున్నాను. చెయ్యాల్సింది అప్పటికే చేసేశాను కదా.

మొదటి సగంలో బావ ఆడిన ఆట నేను చచ్చేదాకా మరిచిపోను. ఆమదాలవలస వాళ్ళు వరసగా బంతి కొడుతూనే ఉన్నారు. బావ కుడికి దూకాడు, ఎడమకి దూకాడు, కాళ్ళ మధ్యకి దూరి బంతిని కౌగిలించుకున్నాడు. వల అంచుని తాకబోయే బంతిని కూడా వేళ్ళ చివరతో తోసేశాడు. మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఒక్క బంతి వెనక్కి పోలేదు. నా చిల్లుకి పనే లేకుండా పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

హాఫ్‌టైములో కంపెనీ ఆయన గొడుగు మడిచి నేరుగా బావ దగ్గరకి వచ్చాడు. "సోమవారం వాల్తేరు వచ్చెయ్యి. వచ్చిన రోజే ఉద్యోగంలో చేర్చుకుంటాం. చేతులు మాత్రం జాగ్రత్త" అన్నాడు. బావ రెండు చేతులూ జోడించాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు రావడం అప్పుడే చూశాను. ఆయన వెళ్ళాక బావ నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే సూరీ, ఇలగ రా. నీతో ఓ మాటున్నాది."

"అన్నీ ఇంటికెల్లి మాటాడుకుందాం బావా!" అని నేను డబ్బా అందుకున్నాను. విజిల్ కూడా మోగింది. ఆయన ఏదో అనబోయి, ఆగి, వెళ్ళిపోయాడు.

ఎటు వెళ్ళాడంటారా? తూర్పు గోలుకి. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయి. ఇది నాకు తెలీదా? పదేళ్ళుగా చూస్తున్నాను. కానీ మోసం ఆలోచించిన పొద్దున్న నా బుర్ర సగం ఆట దాకానే పనిచేసింది. చిల్లు వల ముందు ఇప్పుడు ఆమదాలవలస గోలీ నిలబడ్డాడు. నాకు ఇంకా తట్టలేదు. డబ్బా వాయిస్తూనే ఉన్నాను.

ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మా ఫార్వర్డు ఒకడు కొట్టాడండీ, వాడి జన్మకి అదే గొప్ప దెబ్బ. బంతి గోలీ చేతుల మీదుగా దూసుకెళ్ళి, తాబేలు చింపిన చిల్లులోంచి అంత సుకుమారంగా జారి, వెనక కూర్చున్న నూకన్న ఒళ్ళో పడింది. వల కదలను కూడా లేదు.

"బయటకెల్లిపోనాది!" అని వాళ్ళ గోలీ చెయ్యెత్తాడు.

మాస్టారు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, వల వైపు చూసి, నూకన్న ఒళ్ళో బంతి వైపు చూసి, గోలు కాదని చెయ్యి ఊపారు.

అప్పుడు తట్టింది నాకు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నోరు మూసుకుని ఉంటే ఆట సున్నా సున్నాగా ముగిసేది. బావ సోమవారం బస్సెక్కేవాడు. నా నోరు అలా మూతపడే రకం అయితే ఈ కథే లేదు.

"గోలే! మాస్టారూ, గోలే! వలకి సిల్లున్నాది!" అని డబ్బా పారేసి పరిగెత్తాను.

"చిల్లా? నీకెలా తెలుసు?"

"నానే కట్టినాను!"

"చిల్లుందని తెలిసే కట్టావా?"

ఆమదాలవలస వాళ్ళలోంచి ఒకడు లేచాడు. "ఏట్రా, మా గోలుకి సిల్లు వల కడతార్రా?"

నేను రోషంగా తిరిగాను. "మీ గోలుకెందుకు కడతాన్రా? మా గోలుకే కట్టినాను! మీరొచ్చి దాని ముందు నిలబడ్డారు!"

ఈ మాట అన్నాక కూడా నాకు దాని అర్థం తెలియలేదు. మాస్టారికి తెలిసింది. రెండు ఊళ్ళ జనానికీ తెలిసింది. నాకు మాత్రం చిల్లు నిజంగా ఉందని రుజువు చెయ్యడమే జీవిత పరమార్థంగా తోచింది. గోలు వెనక్కెళ్ళి, చిల్లు వెతికి, "ఇదిగో, నా తల దూరతన్నాది! బంతి దూరదా?" అని తల దూర్చాను.

దూరింది. తిరిగి రాలేదు.

తల గోలు లోపల, మిగతా శరీరం గోలు వెనక. వెనకనున్నవాళ్ళకి అంత వీలైన అవకాశం ఎప్పుడూ దొరికి ఉండదు. మొదటి తన్ను ఆమదాలవలసది. రెండోది మా పేటదేనని నాకు ఇప్పటికీ అనుమానం. గింజుకున్న కొద్దీ దారం మెడకు చుట్టుకుంది. నిరుడు నడిచి వెళ్ళినవాళ్ళకు లారీ చక్రాలు గుర్తొచ్చాయి. మా వాళ్ళకు కర్రలు గుర్తొచ్చాయి. రాళ్ళు లేచాయి. అరవైమందో ఎందరో వల మీద పడ్డారు. ఇక్కడి నుంచి నవ్వడానికేమీ లేదండి.

బొంగులు ఊగుతున్నాయి. ప్రతి తోపుకీ నా ముడులు బిగుస్తున్నాయి. నాకు ఊపిరి అందడం లేదు, అరవాలంటే గొంతు రావడం లేదు. జన్మలో మొదటిసారి నా గొంతు నాకు పనికిరాలేదు. అప్పుడు తూర్పు గోలు నుంచి బావ వచ్చాడు. బయలంతా అడ్డంగా పరిగెత్తి, జనాన్ని బస్తాల్లా పక్కకు తోస్తూ వచ్చాడు. వచ్చి, తన కుడిచేతి వేళ్ళు నా మెడకీ దారానికీ మధ్య దూర్చాడు.

"ఊపిరి తీసుకోరా సూరీ! నానున్నాను, తీసుకో!"

తీసుకున్నాను. పైనుంచి అడ్డబొంగు విరిగి పడింది. వల మొత్తం ఒక్క గుంజు గుంజింది. బావ వేళ్ళు విరిగిన చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. ఆయన చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ముడి! ముడి ఇప్పండ్రా!" అని ఎవరో అరుస్తున్నారు. ఊళ్ళో ఎవరి వల్లా కాని ముడి అది. దాన్ని విప్పడం నాకూ రాదు.

నూకన్న వచ్చాడు. తన వలని అంతమంది తొక్కుతుంటే చూస్తూ వచ్చాడు. మొలలోంచి కత్తి తీసి, ముందు వలకు దణ్ణం పెట్టి, తర్వాత కోశాడు. ఆ తొక్కిసలాటలో కత్తి జారి నా చెవి వెనక తగిలింది. నా ఫుట్‌బాల్ గాయం అదే. మంగలికి చెప్పకండి.

బావ వేళ్ళు రెండు విరిగాయి. అతుక్కున్నాయి గానీ మళ్ళీ వంగలేదు. అయినా సోమవారం కట్టుతోనే వాల్తేరు వెళ్ళాడు. కంపెనీ ఆయన ఆ చేతిని చాలాసేపు చూసి, టీ తెప్పించి, తాగాక బస్సు దాకా సాగనంపాడట. మా అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకు అన్నం పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది. పిల్ల పుట్టేదాకా అలాగే ఉంది.

నేను నూకన్న దగ్గరికెళ్ళి రెండు నెలలు ఇసుకలో కూర్చుని వల అల్లాను. ఆయన నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు. "తాబేలుకి బుద్ధి నేదు బాబూ, సింపడమే దానికి తెలుసు. నీకేటయినాది?" నేను తల వంచుకుని అల్లుతూనే ఉన్నాను. విప్పడానికి వీలయ్యే ముడి కూడా ఆయనే నేర్పాడు. ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆ చేత్తో బస్తాలు మొయ్యలేక బావ మా దుకాణంలోకి వచ్చేశాడు. నా పక్కనే, ఒకే చాప మీద, ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. ఎవరైనా కట్ట కట్టమంటే ఆ బిర్రబిగిసిన వేళ్ళు చూపించి, "మా బావమరిదినడగండి. ఆడి ముడి ఊడదు" అనేవాడు. కోపం లేకుండానే అనేవాడు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు.

ఒక మధ్యాహ్నం బేరాలు లేక ఖాళీగా ఉన్నాం. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "బావా, మన్నించు. ఆ సిల్లు మరిచిపోయి వదిలేసింది కాదు. కావాలనే మన గోలుకి కట్టినాను."

ఆయన గోగునార పురి పెడుతూ తల కూడా ఎత్తలేదు. "తెలుసురా."

"తెలుసా? ఎప్పుడు?"

"ఆట మొదలెట్టక ముందే. గోలీ తన వల సూసుకోడేటి? సూడగానే నీ పనే అనుకున్నాను. మాస్టారికి సెప్తే నిన్ను అక్కడే సితక్కొడతారు. అందుకే ఒక్క బంతి కూడా ఆ వల దాకా రానీకూడదనుకున్నాను. రాకపోతే నీ సిల్లు ఎవుడికీ కనబడదు కదా."

ఆ రోజు మోకాళ్ళు చెక్కుకుపోయేలా దూకినవన్నీ, కంపెనీ ఆయన లేచొచ్చి ఉద్యోగమిస్తానన్నంత గొప్ప ఆటంతా, నా దొంగతనం బయటపడకుండా కాయడానికా!

"మరి హాఫ్‌టైములో..."

"అదే సెప్పబోయినాను. 'ఇప్పుడా సిల్లు ఆల్ల గోలుకెల్లిపోనాది, దారమేసి బేగి కుట్టీరా' అందామని. నువ్వు డబ్బా వాయించుకుంటన్నావు."

ఆ దారం హాఫ్‌టైముకి కూడా నా జేబులోనే ఉంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, అరసవల్లి సూర్యనారాయణమూర్తి సాక్షిగా, మా దుకాణంలోని మోకులన్నిటి మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ గోలుకీ వల కట్టను. కట్టాల్సి వస్తే చిల్లు కుట్టి కడతాను. కుట్టలేకపోతే అందులో తల పెట్టను. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా "నీతో ఓ మాటున్నాది" అంటే, చేతిలో ఎంత పెద్ద డబ్బా ఉన్నా సరే, కింద పెట్టి వింటాను. బావ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నన్నలా పిలిచేవాళ్ళు లేరు.